పాటల గంట

బొల్లిగుట్ట మిషన్ బడిని ముచ్చటగా మూడోసారి మార్చారు. నిరుడు నవాబు పోలీసులు వచ్చి దిగితే పిల్లలు గదుల్లోంచి వరండాలోకి జరిగారు. ఆ పోలీసులు పోయి యూనియన్ పటాలం వస్తే వరండాలోంచి గుడిలోకి జరిగారు. ఇప్పుడు పటాలానికి బియ్యం బస్తాలూ పెట్రోలు డబ్బాలూ పెట్టుకోవడానికి గుడి కూడా కావలసి వచ్చింది. పిల్లలు ఎడ్ల కొట్టంలోకి జరిగారు. ఇంకోసారి జరగాలంటే ఇక మిగిలింది బావి ఒక్కటే.

సోమవారం పొద్దున్నే మిస్సమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి కొట్టం అలకడానికి కూచుంది. వేల్స్ అనే కొండల దేశం నుంచి వచ్చిన ఆమె పేరు గ్వెన్. పిల్లల నోట అది గెన్నమ్మ అయింది, ఆమె కూడా సరే అంది. ఆమె చాలా వాటికి సరే అంది. గౌను మానేసి మోటు చీర కట్టింది. జొన్న గటక తినడం నేర్చుకుంది. దేశంలో దిగగానే కోస్తా మున్షీ నేర్పిన తెలుగును ఇక్కడి పిల్లలు పడీ పడీ నవ్వి చెరిపేస్తే, వాళ్ళ తెలుగే నేర్చుకుని "గిట్ల రాండ్రి బిడ్డా" అనేదాకా వచ్చింది. పేడనీళ్ళు చల్లి, అరచేతిని నేలమీద అర్ధచంద్రంలా తిప్పుతూ వెనక్కి వెనక్కి జరుగుతుంటే, ఆమె పక్కన అదే వాటంగా చేయి తిప్పుతున్నది యాకమ్మ. బోర్డింగు పిల్లల్లో పెద్దది. పద్నాలుగేళ్ళుంటాయి. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆ పిల్లే. తండ్రి పోచయ్య కూతవేటు దూరంలోని కిరస్తానీ వాడలో ఉంటాడు, పటేలు బావి దగ్గర మోట కొడతాడు.

అలుకు సగం అయ్యేసరికి మానుకోట నుంచి పాదిరి దొర జీపు వచ్చింది. చుట్టుపక్కల మిషన్ బళ్ళన్నిటికీ పెద్ద ఆయన. ఆయనా తెల్లవాడే. అలికిన నేల తొక్కకుండా గుమ్మం బయటే నిలబడి టోపీ తీశాడు. గుడి ఇచ్చినందుకు క్యాంపు ఆఫీసరు చాలా సంతోషించాడని చెప్పాడు. పరాయి దేశంలో పిల్లల సేవ చేసేవాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసిన గుణం సర్దుకుపోవడమేననీ, ఆ గుణం ఆమెలో ఉన్నంతగా ఇంకెవరిలోనూ చూడలేదనీ మెచ్చుకున్నాడు. సర్కారుతో పేచీ పెట్టుకుంటే మిషన్ మొత్తానికే ముప్పు అన్నాడు. ఆమె పేడచేతులు దించుకుని వింది. సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ళు తాము సర్దుకోవలసిన చోట ఉండరు. ఆయన జీపెక్కి మానుకోటకు పోయాడు.

మధ్యాహ్నం పలకలు పట్టుకుని పిల్లలు కొట్టంలో కూచున్నారు. ఎడ్లు ఒరుసుకుని నున్నబడిన గుంజలకు ఆనుకుని చిన్నవాళ్ళు, తొట్టి అంచున పెద్దవాళ్ళు. కొట్టానికీ పాత బడికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. బయట కల్లాల మీద వరి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మిస్సమ్మ గుణింతం చెప్పిస్తుండగా గోడ అవతల ఎవరో అరిచారు. దెబ్బ తగిలిన అరుపు కాదు. దెబ్బ ఆగకుండా తగులుతున్న అరుపు.

పలకల మీద బలపాలు ఆగిపోయాయి. అది నిరుటి దాకా మూడో తరగతి కూచున్న గది. గోడకు అక్షరాల పటం ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ పటం కింద మనిషిని కొడుతున్నారు. లాలి అనే లంబాడీ పిల్ల లేచి వచ్చి మిస్సమ్మ చీరలో మొహం దాచుకుంది. ఆ పిల్ల తండా అడవి అంచున ఉండేది. అడవిలో తిరిగే ఎర్రజెండా దళాలకు అన్నం పెట్టారని పటాలం తండాకు నిప్పుపెట్టి, ఆడవాళ్ళను గూడూరు దారిలో కంచె వేసి అందులో పెట్టింది. మగవాళ్ళను లారీల్లో ఎక్కించుకు పోయింది. ఎక్కడికని అడిగితే చెప్పిన నాథుడు లేడు. బడికి వచ్చిన దగ్గర నుంచి లాలి నోరు విప్పి పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

మిస్సమ్మకు తోచింది ఒక్కటే. యాకమ్మ వైపు చూసి, పాట ఎత్తుకొమ్మంది. యాకమ్మ ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. "జర గట్టిగ, ఇంక జర గట్టిగ," అంటూ ఆమె చేతులు ఊపింది. గోడ అవతలి గొంతు పిల్లల గొంతుల కింద మునిగిపోయింది. లాలి మొహం బయటికి తీసింది. పిల్లలు ఆ అరుపు వినకుండా చేయగలిగినందుకు మిస్సమ్మ ఆ పూట దేవుడికి దండం పెట్టుకుంది. అది తలచుకుంటే తరువాత ఆమెకు ఒళ్ళు మండేది.

మంగళవారమూ అరుపు వినిపించింది, పాట ఎత్తుకున్నారు. అయిపోగానే క్యాంపు నుంచి ఒక జవాను బిస్కట్ల డబ్బా పట్టుకుని కొట్టానికి వచ్చాడు. ఆఫీసరు సాబ్ పంపించాడనీ, పిల్లలు బ్రహ్మాండంగా పాడారన్నాడనీ హిందీలో చెప్పాడు. అడవి అంచున ఉప్పుకే కరువుగా ఉన్న రోజుల్లో పిల్లలు తెల్లబిస్కట్టు చూడటం అదే మొదలు. అరచేతిలో పెట్టుకుని అంచులు మాత్రం కొరుక్కుంటూ చాలాసేపు తిన్నారు. యాకమ్మ తన వంతు పక్కపిల్లకు ఇచ్చేసింది. ఎందుకు తినలేదని మిస్సమ్మ అడిగితే పన్ను నొప్పి అంది.

బుధవారం ఆ జవాను మళ్ళీ వచ్చాడు. ఈసారి డబ్బా లేదు. గోడ అవతల అరుపూ లేదు. ఇంకా ఏమీ మొదలు కాలేదు. జవాను గుమ్మంలో నిలబడి, ఇక పాట మొదలుపెట్టించమని ఆఫీసరు సాబ్ అడిగారన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి మిస్సమ్మకు కొంతసేపు పట్టింది. ఊరు చుట్టూ కల్లాల మీద కోతల జనం ఉన్నారు. నలుగురు ఒకచోట కూడరాదని దండోరా వేయించిన పటాలం, ఆ నలుగురి చెవుల్లో ఏం పడుతున్నదో కూడా చూసుకుంటున్నది. ఆమె పిల్లల చెవులు మూయాలనుకుని ఊరి చెవులు మూసింది. కల్లాల మీద వాళ్ళకు మిషన్ దిక్కు నుంచి వినిపించేది పిల్లల కీర్తనలే. పక్క గదిలో మనిషిని నుజ్జునుజ్జు చేస్తుంటే గోడ ఇవతల దేవుడి పాటలు. ఇంతకంటే మంచి ముసుగు ఏ సర్కారు కుట్టించుకోగలదు?

అయినా ఆమె పాడించింది. అది చెప్పకుండా దాటేస్తే ఈ కథ చెప్పడం దండగ. పాడించకపోతే పిల్లలు అరుపులు వింటారనుకుంది, పాడిస్తే క్యాంపుకు ఊడిగం అనుకుంది, రెంటి మధ్యా కొట్టుకుంది. ఆఖరుకు చేయి ఎత్తి ఊపింది. యాకమ్మ పాట ఎత్తుకుంది కాని మిస్సమ్మ మొహంకేసి చూడలేదు.

సాయంత్రం బోర్డింగు వంట చూసే పుష్పమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఆ సంగతే ఎత్తింది. వాడలో ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పనా వద్దా అని నసిగి, చివరకు చెప్పేసింది. మిషన్లో పాట వినిపిస్తే ఎవరికో మూడిందని అర్థమట. పసిపిల్లలు నిద్రలో ఆ కీర్తనలు పలవరిస్తుంటే తల్లులు నోరు మూస్తున్నారట. చెప్పి, వంట బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసింది. ఇది మిషన్ పెట్టిన అలవాటే. వండే ప్రతిసారీ తల్లి ఒక పిడికెడు దేవుడి పేర పక్కకు తీసి, ఆదివారం గుడికి పంపుతుంది. ఈ వాడలో ఇంటింటికీ తిరిగి ఈ అలవాటు చేయించింది మిస్సమ్మే.

గురువారం పొద్దున పటాలం వాడను సోదా చేసింది. తుపాకులు దొరకలేదు. ఎర్రజెండాలు దొరకలేదు. దొరికినవి పిడికెడు కుండలు. ఏ గుడిసెలో చూసినా పొయ్యి పక్కన ఒక చిన్న కుండ, అందులో విడిగా తీసిన బియ్యం. దళాలు ఇంటికింత అని బియ్యం పోగు చేస్తాయని పటాలానికి ముందే తెలుసు. సొంతానికి గతిలేని మాదిగ గుడిసెలో వండుకునే బియ్యం కాక వేరే బియ్యం ఎందుకుంటుంది? ఎవరి కోసం ఉంటుంది? దేవుడి కోసం అని ఆడవాళ్ళు చెబితే జవాన్లు నవ్వారు. ఇళ్ళన్నిటికీ పెద్దగా ఎవడున్నాడని అడిగారు. ఆదివారం ఆ బియ్యం పోగుచేసి గుడికి మోసుకొచ్చేది పోచయ్య. ఎవరూ చెప్పకముందే తానేనని ముందుకు వచ్చాడు. మోట దగ్గరి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, నీళ్ళు కారుతున్న గోచీతోనే పట్టుకుపోయారు.

పోచయ్య పెళ్ళాం గట్టమ్మ కొట్టం దాకా పరుగెత్తుకు వచ్చింది. చేతిలో ఆ కుండ ఉంది. మిస్సమ్మ కాళ్ళ ముందు దాన్ని దించి నిలబడింది. ఏడవలేదు.

"గీ కుండ నువ్వే పెట్టుమన్నవు మిస్సమ్మా. పిల్లల కడుపు మాడ్చి పెట్టిన. ఇగ నువ్వే పోయి చెప్పు."

మిస్సమ్మ కుండ ఎత్తుకుని క్యాంపుకు పోయింది. ఆఫీసరు పాత బడిలోని ఆమె కుర్చీలోనే కూచుని ఉన్నాడు. లేచి నిలబడి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. చదువుకున్నవాడు, మంచి ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆమె కుండ బల్లమీద పెట్టి, పిడికెడు బియ్యం సంగతి మొదటి నుంచి చెప్పింది. అన్ని మిషన్ ఊళ్ళల్లోనూ ఉన్న ఆచారమని, కావాలంటే మానుకోట పాదిరి దొరను అడగమని చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆమె మాట నమ్ముతున్నానన్నాడు. బియ్యం గుడికే వస్తుంది నిజమే, కాని గుడికి వచ్చే దారిలో ఎవరెవరి పళ్ళెంలో పడుతుందో ఆమెకు తెలియదు కదా అన్నాడు. ఈ జనం అమాయకంగా కనిపిస్తారన్నాడు. పోచయ్య నోరు విప్పితే సాయంత్రానికి ఇంటికి పోతాడన్నాడు. లేకపోతే ఏమవుతుందో చెప్పలేదు, టీ చల్లారుతున్నదన్నాడు.

ఆమె టీ ముట్టుకోకుండా లేచింది. గుమ్మం దాటుతుంటే ఆయన వెనక నుంచి పిలిచి, పిల్లలు ఈరోజు కాస్త ఎక్కువసేపు పాడితే బాగుంటుందన్నాడు.

ఆమె కొట్టానికి వచ్చేసరికి పిల్లలంతా లేచి నిలబడి ఉన్నారు. యాకమ్మ తొట్టి పక్కన గోడకు చెవి ఆనించి ఉంది. మిస్సమ్మ ఆ పిల్ల దగ్గరికి పోయి భుజం మీద చేయి వేయబోయింది. యాకమ్మ ఆ చేతిని పక్కకు నెట్టింది. ఈ బడిలో అంతకుముందు ఏ పిల్లా ఆమె చేతిని నెట్టలేదు.

గోడ అవతల మొదలైంది. పోచయ్య గొంతు ఎవరైనా గుర్తుపట్టగలరు. తెల్లారుజామున మోట కొడుతూ ఎడ్లను అదిలించే ఆ గొంతుకే ఊరు లేచేది. గుమ్మంలో జవాను కనబడి, గానా, గానా అని చేయి తిప్పాడు.

పిల్లలు యాకమ్మను చూశారు. యాకమ్మ మిస్సమ్మను చూసింది.

"ఇయ్యాల గూడ పాడమంటవా?"

మిస్సమ్మ పాడమనలేదు, వద్దనలేదు. ఆ పిల్ల ఇంకొంచెం సేపు చూసి, ఇక లాభం లేదనుకుంది. రిబ్బను లాగి పారేసింది. జడ విప్పి జుట్టు మొహం మీదకు వేసుకుని, అలికిన నేలమీద కూలబడి రెండు చేతులా నేలను కొట్టింది. శోకం ఎత్తుకుంది.

"ఓ నాయినో, మోటకాడ నీ కేకేదే నాయినా... ఎడ్లు నిన్నడుగుతయే నాయినా, నేనేమి చెప్పుదునే నాయినా..."

ఈ దేశంలో చావు ఇంట ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. రాగం తీసి, పోయినవాడు ఏం చేసేవాడో, ఎట్లా పోయాడో, పోగొట్టినవాడెవడో పేరుపేరునా చెప్పి ఏడుస్తారు. ఈ శోకాన్నే మిస్సమ్మ వాడలో మాన్పించింది. పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఇట్లా ఏడవరాదని చెప్పి, మొన్న వానాకాలంలో ముసలి సాలమ్మను బొంద పెట్టినప్పుడు ఆడవాళ్ళ శోకం ఆపి కీర్తన పాడించింది. ఆడవాళ్ళు కీర్తన పాడి, అందరూ పోయాక తుమ్మచెట్ల వెనక చేరి శోకం పెట్టుకున్నారు. గటకకు సర్దుకుంది, చీరకు సర్దుకుంది, ఎడ్ల కొట్టానికి సర్దుకుంది. వీళ్ళ ఏడుపుకు మాత్రం సర్దుకోలేకపోయింది. ఎంత సిగ్గుచేటు.

పైగా యాకమ్మ ఏడుస్తున్నది బతికున్న మనిషికి. అది చేయరాని పని అని ఆ పిల్లకూ తెలుసు. పుష్పమ్మ వంటపొయ్యి దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తరువాత ఆమె కూడా కొప్పు విప్పింది. యాకమ్మ పక్కన కూచుని మెడమీద చేయి వేసి గొంతు కలిపింది. పెద్దపిల్లలు ఒక్కొక్కరే చేరారు. లంబాడీ పిల్ల లాలికి ఈ మాటలు సరిగా రావు, కాని తండాలో ఆడవాళ్ళూ రాగం తీసే ఏడుస్తారు. ఆ పిల్ల తన భాషలోనే ఎత్తుకుంది. కాలిన ఇళ్ళ గురించి ఏడ్చిందో, లారీ ఎక్కిన తండ్రి గురించో, అక్కడున్న ఎవరికీ తెలియదు. ఎవరూ ఆపలేదు.

జవాను గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. పాట మొదలైందనుకుని తృప్తిగా వెళ్ళిపోయాడు.

కీర్తనకు ఎవరూ పని వదిలి రారు. శోకం అట్లా కాదు. శోకం చెవిన పడితే చేతిలో ఉన్న పని అక్కడే దించి ఆ ఇంటికి పోవాలి. పగవాడి ఇల్లయినా పోవాలి. పటేలు హుకుం ఉన్నా పోవాలి. కల్లం మీద వరికట్ట ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే దించారు. మైసమ్మ అనే ఆవిడ పొయ్యి మీద కుండను పొయ్యి మీదే వదిలి, పిండి చేతులతో వచ్చింది. గొల్లలు, కాపులు, చాకళ్ళు, వాడ వాళ్ళు అందరూ మిషన్ కంచె దాటి లోపలికి రావడం మొదలుపెట్టారు. నలుగురు కూడరాదన్న సంగతి ఒకరిద్దరికి దారిలో గుర్తుకొచ్చింది. అయినా ఆగలేదు. చావుకు పోతుంటే అడ్డం వచ్చే మనిషి పుట్టలేదని వాళ్ళ ధైర్యం. డప్పు కొట్టే చంద్రయ్య డప్పు చంకన పెట్టుకుని వచ్చి, గడ్డి అంటించి డప్పు కాపుకుంటూ ఎవరు పోయారని అడిగాడు. ఎవరో గోడ వైపు చూపించారు. ఆయన అక్కడే చావు డప్పు మొదలుపెట్టాడు.

క్యాంపు గుమ్మం ముందు కాచుకుని కూచున్న గట్టమ్మ వచ్చింది. కొట్టంలో తన బిడ్డ శోకం పెడుతుంటే చూసి, మొగుడు పోయాడనే అనుకుంది. అప్పుడు ఆమె ఎత్తిన గొంతును మిస్సమ్మ జన్మలో మరిచిపోలేదు. తన కొండల దేశంలో గని కూలినప్పుడు గని నోటి దగ్గర ఆడవాళ్ళు ఇట్లాగే గుమికూడేవారు, ఆమె తల్లి కూడా. అక్కడ కీర్తన పాడేవారు. గని కూలడానికి కారణమైనవాడి పేరు మాత్రం ఏ కీర్తనలోనూ ఉండేది కాదు.

మిస్సమ్మ గట్టమ్మ పక్కన నేలమీద కూచుంది. రాగం రాదు, మాటలు కుదరవు. పోచయ్యా, పోచయ్యా అని మాత్రం అంది. పేరు పెట్టి ఏడ్చింది. ఎర్రగా కందిన ఆమె మొహం చూసి వాడ ఆడవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు.

గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. తుపాకులు పట్టుకుని జవాన్లు కొట్టం చుట్టూ నిలబడ్డారు. ఆఫీసరు వచ్చేసరికి మిషన్ ఆవరణ జనంతో నిండి ఉంది. ఎవరి చేతిలోనూ కర్ర లేదు, కొడవలి లేదు. ఎవరూ నినాదం చేయలేదు. చావింట్లో కూచున్నట్టు మగవాళ్ళు తలగుడ్డలు తీసి గొంతుక్కూచున్నారు. కాల్చడానికి ఎదురుగా ఉన్నది పసిపిల్లలూ, జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళూ, మధ్యలో ఒక తెల్లామె. ఆఫీసరు చదువుకున్నవాడు కాబట్టి లెక్క త్వరగానే వేసుకున్నాడు. మిస్సమ్మను చూసి, ఎవరు చనిపోయారని ఇంగ్లీషులో అడిగాడు.

ఆమె లేవలేదు. అందరికీ తెలియాలని తెలుగులోనే చెప్పింది.

"ఇంక ఎవరు సావలే. మీరు సంపుతున్నరు, మేము ఏడుస్తున్నం. మీ పని ఆపుతే మా ఏడుపు ఆపుతం."

పక్కనున్న దుబాసీ ఆ మాటలు హిందీలో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. చెప్పనక్కర లేకపోయింది. చంద్రయ్య డప్పు ఆపలేదు. ఎవరూ కదలలేదు. పొద్దు వాలేదాకా అట్లాగే కూచున్నారు. ఆఫీసరు రెండుసార్లు లోపలికి పోయి వచ్చాడు. చివరకు, విచారణ పూర్తయిందనీ, మనిషిని తీసుకుపోవచ్చనీ చెప్పించాడు.

పోచయ్యను నులకమంచం మీద బయటికి తెచ్చారు. చేతుల వేళ్ళు వంకరపోయి వాచి ఉన్నాయి. మళ్ళీ మోకు పట్టే వేళ్ళు కావవి. కళ్ళు తెరిచి జనాన్ని, డప్పును, జుట్టు విప్పుకున్న పెళ్ళాన్ని, కూతుర్ని చూశాడు.

"గప్పుడే నన్ను బొందవెట్టిండ్రా?" అన్నాడు.

ఏడుస్తున్నవాళ్ళలో కొందరికి నవ్వు వచ్చింది. బతికినోనికి శోకం పెడితే ఆయుష్షు పెరుగుతుందని పుష్పమ్మ అందరికీ వినబడేట్టు చెప్పింది. మిస్సమ్మ అది తప్పని చెప్పలేదు. వేళ్ళకు కట్టడానికి వెదురుబద్దలు చీలుస్తూ కూచుంది.

శుక్రవారం పటాలం బస్తాలు లారీలకెక్కించింది. శనివారానికి బడీ గుడీ ఖాళీ అయ్యాయి. పాదిరి దొర జీపు దిగి, ఈసారి నవ్వుతూ లోపలికి వచ్చాడు. తాను చెప్పలేదా, ఓర్చుకుంటే అంతా మంచే జరుగుతుందని. శోకం గొడవ మాత్రం బాగాలేదన్నాడు, ఆఫీసరు నొచ్చుకున్నాడన్నాడు. అయినా క్యాంపును ఊరికి దూరంగా మార్చడానికి ఒప్పుకున్నాడు, పెద్దమనిషి. నెల్లికుదురు బాటలో ఒక భూస్వామి దొర వదిలేసి పోయిన పాడు గడి ఉంది, కోటలాంటి ఇల్లు. చుట్టూ ఇళ్ళు లేవు, కల్లాలు లేవు. ఇక ఎవరికీ ఇబ్బంది లేదు.

మిస్సమ్మ అక్షరాల పటం ఉన్న ఆ గదిలో మోకాళ్ళ మీద కూచుని నాపరాళ్ళు కడుగుతోంది. రాళ్ళ సందుల్లో ఇంకిన నెత్తురు ఎంత తోమినా పోవడం లేదు. తోముతున్న చేయి ఆగింది. చుట్టూ ఇళ్ళు లేవు అన్నాడు. అంటే వినేవాళ్ళు లేరు. ఆయన దాన్ని శుభవార్తగా చెబుతున్నాడు.

పీచు బకెట్లో పడేసి లేచింది. సోమవారం నుంచి బడి నెల్లికుదురు బాటలో జరుగుతుందని చెప్పింది. పాదిరి దొరకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక మొహం ఎర్రబడింది. మిషన్ ఒప్పుకోదన్నాడు, ఆమెను ఓడెక్కించి ఇంటికి పంపుతారన్నాడు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుని, పంపేదాకా పాఠాలు చెబుతానంది. గదులు లేకుండా బడి నడపడం పిల్లలకు బాగా అలవాటైందని కూడా అంది. ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం అదే మొదటిసారి.

పిల్లల తల్లిదండ్రులను అడగకుండా తీసుకుపోలేనని ఆదివారం గుడిలో నిలబడి చెప్పింది. తుపాకుల ముందర కూచోవలసి వస్తుందని దాచకుండా చెప్పింది. చిన్నవాళ్ళను పుష్పమ్మ దగ్గర ఉంచి, ఇష్టమున్న పెద్దపిల్లలే రావాలంది. చిన్నవాళ్ళలో లాలి ఒక్కతే వస్తానని మొండికేసింది. ఎంత చెప్పినా వినలేదు. సోమవారం పొద్దున బండి కట్టేసరికి గట్టమ్మ అందరికంటే ముందే ఎక్కి కూచుని ఉంది. మొగుడు వద్దన్నాడా అని అడిగితే, పంపింది ఆయనే అంది. వాడ ఆడవాళ్ళు కొందరు బండి వెనక నడిచారు.

గడి ప్రహరీ బారెడు మందం. ఎండ పడని పక్కన చాపలు పరిచారు. కావలి జవాను పరుగెత్తుకు వచ్చి ఇక్కడ ఏం పని అని అడిగాడు. బడి అని చెప్పింది మిస్సమ్మ. ఇక్కడ బడి లేదన్నాడు. ఇయ్యాలటి సంది ఉన్నదంది. అతను ఎవరినో అడగడానికి లోపలికి పోయాడు. యాకమ్మ పలకలు పంచింది.

కొంతసేపటికి గోడ లోపల అరుపు లేచింది. గోడ మందం వల్ల సన్నగా, ఆగి ఆగి వినిపిస్తోంది. పిల్లలు అలవాటు కొద్దీ యాకమ్మ వైపు తిరిగారు, పాట ఎత్తుకుంటుందని. మిస్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల పాట లేదు. చప్పుడు జేయకుండ ఇనుండ్రి. అది ఎవరి గొంతో గుర్తుపట్టుండ్రి."

పిల్లలు విన్నారు. కొందరు కళ్ళు మూసుకుని విన్నారు. ఇంకోసారి అరుపు వచ్చింది. లాలి చాప మీద నుంచి లేచి నిలబడింది. గోడ దగ్గరికి పోయి రెండు అరచేతులూ ఆనించింది. వెనక్కి తిరిగి మిస్సమ్మను చూసి, "టీక్యా మామ," అంది.

కంచెలో ఉన్న తండా ఆడవాళ్ళు వచ్చేపోయే ప్రతివాణ్ణీ ఆ పేరు పెట్టి అడుగుతున్నారు, లారీ ఎక్కినవాడు ఉన్నాడా లేడా అని. మిస్సమ్మ లాలి పక్కన మోకరించింది.

"గట్టిగ పిలువు బిడ్డా. లోపటికి ఇనబడాలె."

లాలి గొంతు చించుకుని పిలిచింది. లోపలి అరుపు ఆగింది. తరువాత అదే గొంతు గోడ అవతల నుంచి లాలీ అని పలికింది.